‘నీ ఇష్టం అన్నయ్యా’ అంటున్నాడు... ఏ పికప్ కొనాలి?

ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం.

నా వయసు 43. నేనూ మా తమ్ముడూ కలిసి నీటి మోటార్లు, పైపులు బిగించే పని చేస్తాం. సామాను మోసే పికప్ లేకపోతే మాకు పనే లేదు. రెండేళ్ల కిందట ఒక సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. మీటర్ మీద 80 వేల కిలోమీటర్లు కనిపించింది. ‘ఈ సీటు చూడు అన్నయ్యా, 80 వేలు తిరిగిన బండి సీటు ఇలా ఉండదు’ అని తమ్ముడు అప్పుడే అన్నాడు. నేను వినలేదు. ఐదో నెలలో ఇంజన్ పోయింది. మీటర్ వెనక్కి తిప్పారని తర్వాత తెలిసింది. ఇంజన్ కట్టించడానికి మా ఇద్దరి పొదుపూ ఊడ్చుకుపోయింది. అయినా అది కుదురుకోలేదు, చివరికి తుక్కు రేటుకి ఇచ్చేశాను.

ఇప్పుడు మళ్లీ కొనాలి. మూడు చూశాను. ఒకటి ఫోర్డ్ రేంజర్: 2019 మోడల్, రెండు టర్బోల 2 లీటర్ల డీజిల్, 10 గేర్ల ఆటోమేటిక్, 95 వేల కిలోమీటర్లు. రెండోది టయోటా హైలక్స్: 2018 మోడల్, 2.8 లీటర్ల డీజిల్, ఆటోమేటిక్, 1,30,000 కిలోమీటర్లు. మూడోది ఇసుజు డి-మ్యాక్స్: 2014 మోడల్, 3 లీటర్ల డీజిల్, మాన్యువల్ గేర్లు, 2,10,000 కిలోమీటర్లు. దీనికి మొదటినుంచీ ఒకరే ఓనరు, సర్వీసు బిల్లులన్నీ ఫైలు కట్టి పెట్టాడు. మొదటి రెండిటికీ పొగ వడపోసే డీపీఎఫ్ ఉంది, మూడోదానికి లేదు. నా దగ్గరున్న డబ్బు 100 అనుకుంటే హైలక్స్‌కి 100, రేంజర్‌కి 94, డి-మ్యాక్స్‌కి 66 అడుగుతున్నారు. డి-మ్యాక్స్‌కి క్లచ్, టైర్లు, కమాన్ బుష్‌లు, ఇంజెక్టర్ల సర్వీసు కలిపి ఇంకో 16 అవుతుందని మా మెకానిక్ లెక్క వేశాడు.

మాకు రోజుకి నాలుగైదు ట్రిప్పులు, ఒక్కోటి పది పన్నెండు కిలోమీటర్లు. నెలకి రెండుసార్లు మాత్రం 250 కిలోమీటర్ల దూరం నుంచి లోడు తేవాలి. ‘టయోటా అంటే కళ్లు మూసుకుని కొనొచ్చు బావా’ అంటాడు మా బావమరిది. ఇరవై ఏళ్లుగా తెలిసిన మెకానిక్ డి-మ్యాక్స్ తీసుకోమంటాడు. నా భార్య ‘పాతది వద్దే వద్దు, వాయిదాల మీద కొత్తది కొందాం’ అంటోంది. తమ్ముడికి రేంజర్ మీద మనసుందని నాకు తెలుసు, ఫోన్లో దాని ఫొటోలు చూస్తుంటాడు. అడిగితే మాత్రం ‘నీ ఇష్టం అన్నయ్యా’ అంటాడు. ఆ మాట వింటే కడుపులో దేవినట్టవుతుంది. రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఏది కొనాలి?

సమాధానం

మీరు మూడు పేజీలు రాశారు. రెండున్నర పేజీలు బండ్ల గురించి, అరపేజీ తమ్ముడి గురించి. నిద్ర పట్టనివ్వనిది ఆ అరపేజీయే అనిపిస్తోంది నాకు. దాని దగ్గరికి వస్తాను. ముందు బండ్ల లెక్క చూద్దాం, అది తేలితే ఇంట్లో మాట్లాడటం కూడా కొంత తేలికవుతుంది.

మీకు సలహా చెప్పినవాళ్లంతా తలో పేరు చెప్పారు. మీ పని ఎలాంటిదని ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో విలువైన వాక్యం అదే: రోజుకి నాలుగైదు ట్రిప్పులు, ఒక్కోటి పది పన్నెండు కిలోమీటర్లు. డీజిల్ ఇంజన్ అప్పుడప్పుడే వేడెక్కుతుండగా మీరు బండి ఆపేస్తారు. గంటో రెండు గంటలో మోటారు బిగించి, చల్లారిన ఇంజన్‌ని మళ్లీ స్టార్ట్ చేస్తారు. ఇలా నడిచే బండికి వచ్చే రోగాలు వేరు, రోజంతా హైవే మీద పరిగెత్తే బండికి వచ్చే రోగాలు వేరు.

డీపీఎఫ్ సంగతే తీసుకోండి. పొగ వెళ్లే దారిలో ఉండే ఈ వడపోత మసిని పట్టి దాచుకుంటుంది. నిండాక ఆ మసిని తనలోనే కాల్చేసుకోవాలి. దానికి లోపల సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి నిలవాలంటే బండి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా ఓ మాదిరి వేగంతో నడవాలి. మీ ట్రిప్పుల్లో ఆ అవకాశం దాదాపు రాదు. మధ్యలో ఇంజన్ ఆపిన ప్రతిసారీ కాల్చే పని సగంలో ఆగిపోతుంది. చాలా ఇంజన్లలో ఈ పనికోసం సిలిండర్‌లోకి అదనంగా డీజిల్ చల్లుతారు. కాలకుండా మిగిలింది కొంత గోడల వెంట కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే డీపీఎఫ్ బండి చూసేటప్పుడు ఆయిల్ కడ్డీ తీసి, తగ్గిందా అని మాత్రమే చూసి ఊరుకోవద్దు. పై గీత దాటి పైకి ఉంటే అది ఇంకా చెడ్డ గుర్తు. ఆ పెరిగిందంతా డీజిలే అయ్యుండొచ్చు.

నెలకి రెండుసార్లు మీరు వెళ్లే 250 కిలోమీటర్ల ప్రయాణం ఈ వడపోతకి ఊపిరి పోస్తుంది. అది వారానికోసారి అయ్యుంటే నేను దీని గురించి ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. డీపీఎఫ్ ఉన్న బండే కొంటే, లోడు ఉన్నా లేకపోయినా వారానికోసారి అరగంట మంచి రోడ్డు మీద నడపడాన్ని కూడా సర్వీసు ఖర్చులో రాసుకోండి. ‘అది పీకేద్దాం సార్, పీడా వదులుతుంది’ అనే షెడ్లు ఉంటాయి. చాలా దేశాల్లో అది నేరం. ఇంజన్ కంప్యూటర్‌ని మోసం చేయడానికి వాళ్లు చేసే మార్పులతో వచ్చే కొత్త తంటాలు వేరే. ఆ జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు బావమరిది మాట. హైలక్స్ 1968 నుంచి వస్తున్న బండి, ఆ పేరు ఊరికే రాలేదు. నాలుగేళ్ల తర్వాత అమ్ముకున్నా పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం వెనక్కిచ్చేది మూడిట్లో అదే కావచ్చు. కానీ కళ్లు మూసుకుని కొనే సెకండ్ హ్యాండ్ బండి అంటూ ఏదీ లేదు. ఆస్ట్రేలియాలో 2015 అక్టోబర్ నుంచి 2020 ఏప్రిల్ దాకా అమ్మిన హైలక్స్, ఫార్చునర్, ప్రాడో డీజిల్ బండ్లు 2,60,000కు పైనే. వాటి డీపీఎఫ్ వ్యవస్థలో లోపం ఉందని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. గుప్పున తెల్ల పొగ, ఘాటు వాసన, డీజిల్ ఎక్కువ తాగడం... ఇవీ ఆ కేసులో ఫిర్యాదులు. మీరు చూసిన 2018 బండి ఆ కాలానిదే, ఆ కేసులో ఉన్న 2.8 ఇంజన్‌దే. అంటే ఇది పాడైన బండి అని నేననడం లేదు. కంపెనీ తర్వాత మార్పులు చేసింది. మీరు చూస్తున్న బండికి అవి జరిగాయా అన్నది చాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి అడగండి. జరిగిందని కాగితం చూపిస్తే ఒక లెక్క, ‘ఏమో సార్, మా దగ్గర ఎప్పుడూ పొగ రాలేదు’ అంటే ఇంకో లెక్క.

రేంజర్ నడుపుతుంటే కారులో కూర్చున్నట్టుంటుంది. మీ తమ్ముడు ఎందుకు పడిపోయాడో నాకు తెలుసు. సీటు మెత్తగా ఉందని బండి కొన్నవాణ్ణే నేనూ, ఆ కథ ఇక్కడొద్దు. ఈ 2 లీటర్ల ఇంజన్ మొదట వచ్చినప్పుడు అందులోని టైమింగ్ బెల్టు, అంటే ఇంజన్ వాల్వులను సరైన సమయానికి కదిలించే రబ్బరు పట్టీ, ఇంజన్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగేది. దానివల్ల చప్పుడు తక్కువ, రాపిడి తక్కువ. కాకపోతే కంపెనీ చెప్పిన రకం ఆయిలే పోయాలి, చెప్పిన సమయానికి మార్చాలి. ఏదో ఒక డబ్బా పోసి నడిపినా, మార్చకుండా లాగినా ఆ రబ్బరు పాడై పొడి రాలుతుంది. ఆ పొడి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడుతుంది. ఆయిల్ అందకపోతే ముందు టర్బోలు, తర్వాత బేరింగులు ఎండిపోతాయి. ఇందాక చెప్పిన డీజిల్ కలిసిన ఆయిల్ కూడా ఈ బెల్టుకి మంచిది కాదు. అంటే మీ చిన్న ట్రిప్పులు ఈ బండిలో రెండు చోట్ల దెబ్బ కొడతాయి. కాబట్టి రేంజర్ ఓనర్ని నేనైతే ఎక్కువ ప్రశ్నలు అడగను. ఆయిల్ మార్చిన బిల్లులు ఇవ్వమంటాను, వాటి మీద ఆయిల్ రకం రాసుందా లేదా చూస్తాను. బిల్లులు లేకపోతే, 95 వేలు కాదు, 45 వేలే తిరిగిందన్నా వదిలేస్తాను. 10 గేర్ల ఆటోమేటిక్‌లో కూడా ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగాలి. నెమ్మదిగా పోతూ రెండు, మూడు, నాలుగు గేర్ల మధ్య తోసినట్టు కుదుపు వస్తుందేమో, వెనక లోడు ఉన్నప్పుడే పరీక్షించాలి. ఖాళీ బండి చాలా తప్పులు దాచేస్తుంది.

డి-మ్యాక్స్‌లోని 3 లీటర్ల ఇంజన్‌ని మెకానిక్‌లు 4జేజే1 అంటారు. ఇసుజు తన చిన్న ట్రక్కుల్లోనూ వాడిన ఇంజనే ఇది. టైమింగ్‌కి బెల్టు లేదు, చెయిన్, గేర్లు ఉంటాయి. రెండు లక్షలు దాటిందంటే దాని పనైపోయిందని ఎవరూ అనుకోరు. అలాగని దానికి ఖర్చు లేదనీ కాదు. ఈ వయసులో ఇంజెక్టర్లు, డీజిల్ పంపు మీద ఉండే వాల్వు, కొంత పొగని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ దారిలో పేరుకున్న మసి, వాటర్ పంపు, రబ్బరు గొట్టాలు, క్లచ్, కింద బుష్‌లు... వరసగా పలకరిస్తాయి. చిన్న ట్రిప్పులకి ఈజీఆర్ మసి ఇందులో కూడా పేరుకుంటుంది, కాకపోతే విప్పి కడిగే పని మీ మెకానిక్ షెడ్డులోనే అయిపోతుంది. ఒక్క మాట మాత్రం దాచను: 2014 బండికీ 2019 బండికీ మధ్య భద్రతలో తేడా ఉంటుంది. ఎయిర్‌బ్యాగులు ఎన్ని, బండి జారకుండా పట్టుకునే స్టెబిలిటీ కంట్రోల్ ఉందా, చూసుకోండి. అర్ధరాత్రి 250 కిలోమీటర్లు లోడుతో నడుపుకొచ్చేది మీరో మీ తమ్ముడో. మెయింటెనెన్స్ లెక్కలో ఇది ఎక్కడా కనిపించదు.

మీటర్ చేతిలో ఒకసారి మోసపోయారు కాబట్టి, కిలోమీటర్లు తక్కువ ఉన్న బండి వైపు మీ మనసు లాగుతుండొచ్చు. ఇక్కడ ఒక చిన్న భాగహారం చేయండి. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చాలా బండ్ల కంప్యూటర్‌లో నమోదవుతుంది, మంచి స్కానర్ ఉన్న మెకానిక్ చదివి చెప్పగలడు. ఉదాహరణకి 95 వేల కిలోమీటర్ల బండి 4,750 గంటలు చూపించిందనుకోండి. సగటున గంటకి 20 కిలోమీటర్లు. అంటే అది ట్రాఫిక్‌లోనో, ఏసీ వేసుకుని నిలబెట్టిన చోటో బతికిన బండి. 2,10,000 కిలోమీటర్ల బండి 4,200 గంటలు చూపిస్తే గంటకి 50. ఎక్కువ దూరం తిరిగిన ఇంజనే తక్కువ గంటలు కష్టపడింది! మీరు చూసిన మూడిట్లో ఈ లెక్క ఎలా వస్తుందో నాకు తెలియదు, తేల్చుకోవడానికి మాత్రం ఒక పూట చాలు. ఆ స్కానర్‌తోనే ఇంకో సంగతి చూడమనండి. హెచ్చరికలను చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా అందులో ఉంటుంది. అక్కడ 12 కిలోమీటర్లు అని కనిపించిందంటే, మీరొస్తున్నారని తెలిసి నిన్ననో మొన్ననో ఎవరో డ్యాష్‌బోర్డు మీద లైటు ఆర్పారన్నమాట.

మీ తమ్ముడు సీటు చూసి కనిపెట్టాడు చూశారా, ఆ పద్ధతి స్కానర్ కంటే తక్కువేం కాదు. డ్రైవర్ ఎక్కే వైపు సీటు అంచు, బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద చెయ్యి ఆనే చోటు, ఇవి మీటర్ తిప్పినంత తేలిగ్గా వెనక్కి పోవు. పెడల్ రబ్బరు మాత్రం కొత్తగా ఉండి చుట్టూ అన్నీ అరిగి ఉంటే, ఎందుకు మార్చారో అడగాలి. టైరు పక్కన అచ్చులో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లు నాలుగు తేదీలవైతే, ఆ ఓనర్ పంక్చర్ పడితే తప్ప టైరు మార్చే మనిషి కాదు. ఆయిల్ విషయంలోనూ అంతే అయ్యుంటాడని నా ఊహ.

అన్నిటికంటే ఎక్కువసేపు బండి కింద పడుకోండి. ఇంజన్ మార్చొచ్చు, గేర్‌బాక్సు మార్చొచ్చు, తుప్పు పట్టిన చాసిస్‌ని ఏం చేస్తారు? ఇందులో కంపెనీ పేరు కాపాడదు. ఉత్తర అమెరికాలో అమ్మిన టయోటా టకోమా 2005-2010 మోడళ్లతో సహా సుమారు 15 లక్షల బండ్ల చాసిస్ తుప్పు కేసులో 2016లో ఆ కంపెనీ రాజీకి ఒప్పుకుని, పాడైన చాసిస్‌లు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. వెనక చక్రాల పైన, కమాన్ కట్టలు బిగించిన చోట, స్పేర్ టైరు వెనక చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది. తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది, పెచ్చులు రాలతాయి. పాత బండి చాసిస్‌కి నిన్న మొన్న వేసిన నల్ల పెయింటు ఉంటే దాని కింద ఏముందో కనుక్కోకుండా లేవొద్దు. క్యాబిన్‌కీ వెనక తొట్టికీ మధ్య సందు పైనా కిందా ఒకే వెడల్పు ఉందా, కమాన్లు ఖాళీ బండిలోనే పడుకున్నట్టు చదునుగా అయిపోయాయా చూడండి. అలా అయ్యాయంటే మోయాల్సినదానికంటే ఎక్కువ మోసిన బండి, ఆ భారం వెనక ఇరుసు హౌసింగ్ మీదా క్లచ్ మీదా కూడా పడే ఉంటుంది.

ఇక డబ్బు. హైలక్స్ అడిగిన రేటుకే కొంటే తాళం చేతికొచ్చిన రోజు మీ జేబు ఖాళీ. రేంజర్ కొంటే 6 మిగులుతుంది, అందులోనే ఆ బెల్టు పని, ఆటోమేటిక్ ఆయిల్ మార్చడం జరగాలి. డి-మ్యాక్స్ కొని మెకానిక్ చెప్పిన పనులన్నీ ముందే చేయించినా 18 మిగులుతుంది. పోయినసారి మిమ్మల్ని ముంచింది బండి పాడవ్వడం ఒక్కటే అనుకోను. పాడైన రోజున చేతిలో ఏమీ లేకపోవడం కూడా. టర్బో, ఇంజెక్టర్ల సెట్టు, డీపీఎఫ్, ఆటోమేటిక్ గేర్‌బాక్సు, ఈ నాలుగిట్లో ఏది పోయినా పెద్ద బిల్లే. డి-మ్యాక్స్‌లో చివరి రెండూ లేవు. దీనికి తోడు షెడ్డులో ఉండే రోజులు లెక్కపెట్టండి. విడిభాగం అదే రోజు దొరికే బండి, ఆర్డర్ పెట్టి వారం ఆగాల్సిన బండి, మీలాంటి పనిలో రెండూ ఒకటి కాదు. మూడు బండ్లకీ వాటర్ పంపు, ఒక ఇంజెక్టర్, ముందు షాక్ అబ్జార్బర్, ఈ మూడు భాగాలు ఎన్ని రోజుల్లో వస్తాయో దుకాణంలో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి.

ఇవన్నీ చూస్తే నేను డి-మ్యాక్స్ కొనమంటున్నట్టు అనిపిస్తుంది. మీ ట్రిప్పులకి, మీ జేబుకి అది దగ్గరగా ఉందన్నది నిజమే. కానీ దాని బిల్లుల ఫైలు చూడకుండా నేను మాట ఇవ్వలేను. ఫైలు ఉండటం వేరు, అందులో ఏముందన్నది వేరు. కిలోమీటర్లు, తేదీలు వరసలో పెరుగుతున్నాయా, మధ్యలో ఏడాదిన్నర ఖాళీ ఉందా చూడండి. అది కొంటే మీరు వదులుకునేవి కూడా ఉన్నాయి: అమ్మేటప్పుడు వచ్చేది తక్కువ, క్లచ్ తొక్కే కాలికి విశ్రాంతి ఉండదు, కొత్త బండ్లలో ఉండే రక్షణ ఉండదు. హైలక్స్ ఓనర్ 85 దగ్గరికి దిగి, ఆ డీపీఎఫ్ పని జరిగిన కాగితం చూపిస్తే, పై రక్షణా మారు అమ్మకం విలువా కావాలనుకునేవాళ్లకి అది మంచి బేరమే. అప్పుడు వారానికోసారి ఆ అరగంట ప్రయాణానికి సిద్ధపడాలి. రేంజర్‌కి ఆయిల్ బిల్లులు పక్కాగా ఉండి, ఆ చాసిస్ నంబరుకి ఏ రకం బెల్టు ఉందో తేలి, దాన్ని మార్చే ఖర్చు ధరలోంచి తగ్గిస్తే అప్పుడు ఆలోచించొచ్చు. అయితే దాన్ని రిపేరు చేసేదెవరు? మీ మెకానిక్‌ని మొహమాటం లేకుండా అడగండి. ఆయన డి-మ్యాక్స్ అనడంలో తనకి చేతనైన బండి అనే స్వార్థం కొంత ఉంటే ఉండొచ్చు. కానీ రేపు బండి ఆగితే ఫోన్ చేసేది ఆయనకే కాబట్టి ఆ స్వార్థం మీకూ పనికొస్తుంది. చాసిస్, స్కానర్ పరీక్ష మాత్రం ఆయనతో కాక, ఏ బండి కొన్నా తనకేమీ రాని మరో మెకానిక్‌తో డబ్బిచ్చి చేయించండి.

నాలుగో దారి ఒకటుంది, మూడూ వదిలేసి రెండు నెలలు అద్దె బండితో నెట్టుకురావడం. ఖర్చు ఎక్కువే, కానీ తొందరలో కొనడం అంతకంటే ఎక్కువ ఖర్చని మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ భార్య కొత్తది అంటున్నారంటే ఆమె భయపడుతున్నది పాత బండికి కాదేమో, ఇంకో ‘ఐదో నెల’కి. కొత్త బండికి వారంటీ ఉంటుంది, నిజమే. పని లేని నెలలో కూడా వాయిదా కట్టాలన్నదీ అంతే నిజం. గత ఏడాదిలో మీకు బాగా తక్కువ ఆదాయం వచ్చిన రెండు నెలలు తీసి, ఆ నెలల్లో వాయిదా కట్టగలిగేవాళ్లా అని ఇద్దరూ కూర్చుని చూడండి. కట్టగలం అని తేలితే ఆమె మాట తీసిపారేయాల్సింది కాదు. కట్టలేం అని తేలితే, ఆ మిగిలే 18ని ఆమె చేతికిచ్చి ‘ఇది బండి జబ్బులకి, నువ్వు తీస్తేనే తియ్యాలి’ అని చెప్పి చూడండి.

ఇప్పుడు ఆ అరపేజీ. ‘నీ ఇష్టం అన్నయ్యా’ అన్న మాటలో కోపం ఉండొచ్చు. ‘చెప్పినా వినడు, ఎందుకులే’ అన్న విసుగు ఉండొచ్చు. లేదా మిమ్మల్ని మళ్లీ తప్పుబట్టాల్సిన పరిస్థితి రాకూడదన్న ప్రేమే కావచ్చు. ఏదో నాకు తెలియదు, మీకూ తెలియదు. అడిగినట్టు మీరు ఎక్కడా రాయలేదు. రెండేళ్లలో ఒక్కసారైనా ‘ఆ రోజు సీటు గురించి నువ్వన్నది నిజం, నేను వినలేదు, పోయిన డబ్బులో సగం నీది’ అని అతనితో అన్నారా? అనకపోతే బండ్ల గురించి అభిప్రాయం అడిగే ముందు అది అనండి. అన్నాక ‘కానీ’ అనే మాట నోటిదాకా వస్తుంది. మీటర్ తిప్పుతారని ఎవరికి తెలుసు, నువ్వు ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది... ఆ ‘కానీ’ని మింగేయండి.

ఆ తర్వాత మీ ముందు రెండు మూడు పద్ధతులున్నాయి. అతన్ని సంతోషపెట్టడానికి రేంజర్ కొనేయడం అన్నిటికంటే తేలికైంది, నాకు నచ్చనిదీ అదే. ఆ బెల్టు తెగిన రోజు ఇప్పుడు మీరున్న చోట అతను ఉంటాడు. మీ మీద మీకే నమ్మకం లేదని నిర్ణయం మొత్తం అతనికి వదిలేయడమూ ఇంచుమించు అలాంటిదే. ఇంకో పద్ధతి, ఎంచేది మీరు, వద్దనే హక్కు అతనికి. పరీక్షకి అతనే వెళ్తాడు, ఏ బండినైనా కారణం చెప్పి కొట్టేయొచ్చు, కొట్టేసినదాన్ని మీరు మళ్లీ ఎత్తకూడదు. దీనికీ ఖర్చుంది. మూడూ కొట్టేస్తే మీరు నోరు మూసుకుని అద్దె బండిలో తిరగాలి. ఆ ఓపిక ఉంటేనే ఆ మాట ఇవ్వండి, ఇచ్చి తప్పితే రెండేళ్ల కిందటి గాయం మళ్లీ రేగుతుంది.

ఒప్పుకుంటే మొదటి పరీక్ష ఇలా పెట్టుకోండి. ముందురోజు రాత్రే ఓనర్‌కి ఫోన్ చేసి, పొద్దున మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడమని తమ్ముడికే చెప్పండి. వెచ్చగా ఉంటే గొడవ పడకుండా, ఇంకో రోజు వస్తామని చెప్పి తిరిగి వచ్చేయండి. చల్లగా ఉంటే రేడియేటర్ మూత అప్పుడే తీసి నీళ్ల మీద నూనె తెట్టు ఉందేమో చూడండి, ఇంజన్ వేడెక్కాక ఆ మూత ముట్టుకోవద్దు. తర్వాత తాళం అతని చేతికివ్వండి. మీరు వెనక్కి వెళ్లి సైలెన్సర్ దగ్గర నిలబడి, మొదటి పొగ నీలమా, తెలుపా, నలుపా చూసి అతనికి కేకేసి చెప్పండి.